డోర్నకల్ నిజంగా రైలు పెట్టిన ఊరేనా? చిన్న జంక్షన్ ఊరు ఎలా పుడుతుంది, ఎలా నిలబడుతుంది?

డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. కాలేజీలో సొంత ఊరి చరిత్ర మీద ప్రాజెక్టు రాయమన్నారట. వాళ్లది డోర్నకల్. ఆమె అడిగినవి మూడు. ఒకటి, "మా ఊరిని రైల్వే పెట్టిందని అంటారు, నిజమేనా? చుట్టూ ఇన్ని స్టేషన్లు ఉండగా మా ఊరే ఎందుకు పెరిగింది?" రెండు, "ఊరు పెరగడానికి రైలు కారణమా, బొగ్గు కారణమా, పెద్ద చర్చి కారణమా?" మూడు, "మా ముత్తాత పెట్టెలో ఒక ఇత్తడి బిళ్ల దొరికింది. మీద ఎన్.ఎస్.ఆర్. అనే ఇంగ్లీషు అక్షరాలు, కింద ఒక నెంబరు, పైన ఒక రంధ్రం. అదేమిటి?"

అమ్మా, నేను 1976లో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా చేరి, ఉద్యోగమంతా కాజీపేట, బెజవాడ లైను మీదే చేశాను. సెలవులో ఉన్నవాళ్ల బదులు చేసే రిలీవింగ్ డ్యూటీల మీద డోర్నకల్‌లో చాలా రాత్రులు గడిపాను. రిటైరయ్యాక ఈ లైను మీది ఊళ్ల పాత సంగతులు పోగు చేయడమే నా పని. కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను.

ముందు సూటిగా జవాబు. డోర్నకల్ అనే పేరు రైల్వే పెట్టింది కాదు, ఇప్పుడు మీరు ఉంటున్న డోర్నకల్ మాత్రం రైల్వే పెట్టిందే. ఆ రోజుల్లో స్టేషన్‌కి దగ్గర్లో ఉన్న పల్లె పేరే పెట్టేవాళ్లు. పేరు పల్లెది, ఊరు జంక్షన్‌ది. ఇక రైలా, బొగ్గా, చర్చా అంటే, బొగ్గు కోసం జంక్షన్ వచ్చింది, జంక్షన్ వల్ల ఊరు వచ్చింది, ఆ ఊరు రైల్వే మీదే పూర్తిగా ఆధారపడకుండా నిలబడటానికి చర్చి, బడులు, అంగడి తోడయ్యాయి. ఈ వరస తప్పిస్తే కథ అర్థం కాదు.

చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. రైలు పట్టా పడితే ఊరు పెరుగుతుందనుకుంటారు. అలా అయితే కాజీపేట నుంచి బెజవాడ దాకా ప్రతి స్టేషనూ ఊరై ఉండాలి. చింతలపల్లి, ఏలుగూరు, ఇంటికన్నె, గుండ్రాతిమడుగు, పాపటపల్లి, మల్లెమడుగు అన్నీ అదే లైను మీదున్నాయి. వాటి ముందు నుంచీ అవే రైళ్లు పోతాయి. రైలు పోవడం వల్ల ఊరు పుట్టదు, రైలు ఆగడం వల్ల పుడుతుంది. ఎంతసేపు ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది, ఆగినప్పుడు ఎవరు దిగుతారు అన్నదాన్ని బట్టి ఆ ఊరి సైజు ఉంటుంది.

నా కళ్లతో చూసిందే చెబుతాను. నేను మొదట పనిచేసిన స్టేషన్లలో ఒకటి చాలా చిన్నది, పేరు వద్దులే. అక్కడ గూడ్సు బండ్లను లూప్‌లో, అంటే పక్క పట్టా మీద పెట్టి ఎక్స్‌ప్రెస్‌లకు దారి ఇచ్చేవాళ్లం. ఒక్కో గూడ్సు గంట, గంటన్నర అక్కడే. డ్రైవరు, ఫైర్‌మన్, గార్డు దిగి చాయ్ తాగాలి కదా. స్టేషన్ బయట వేపచెట్టు కింద ఒక ముసలామె చాయ్, సర్వపిండి, ఎండాకాలంలో మజ్జిగ అమ్మేది. ఆమె పక్కన ఒక బీడీల బంకు, దాని పక్కన సైకిల్ పంచర్ల షాపు. నాలుగు గుడిసెలతో ఒక బజారు మొదలైంది. తర్వాత క్రాసింగులు పక్క స్టేషన్‌కి మార్చారు. బండ్లు అంతకు ముందుకంటే ఎక్కువే పోతున్నాయి, కానీ ఆగడం లేదు. ఏడాదిన్నరలో బంకు పోయింది, పంచర్ షాపు పోయింది. చివరికి ముసలామె కూడా కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. ఊరు పుట్టడం, పోవడం రెండూ ఆ వేపచెట్టు కింద చూశాను.

ఇప్పుడు డోర్నకల్‌లో బండ్లు ఎందుకు ఆగాయో చూద్దాం.

నిజాం రాజ్యంలో మొదటి లైను వాడి అనే జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కి, 1874లో. బొంబాయి, మద్రాసు లైనుకి హైదరాబాదును కలపడానికి వేసింది. దాన్ని తూర్పుకు పొడిగించాలన్నప్పుడు లండన్‌లో ఒక కంపెనీ పెట్టారు. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అంటారు. గ్యారంటీడ్ అంటే, డబ్బు పెట్టినవాళ్లకు వడ్డీ వస్తుందని నిజాం సర్కారు హామీ ఇచ్చిందన్నమాట. లాభం కంపెనీది, నష్టం వస్తే ఖజానాది. ఈ ఒప్పందం మీద 1883లో హైదరాబాదులో పెద్ద గొడవే జరిగింది. చాందా రైల్వే ఆందోళన అని దానికి పేరు. సరోజినీ నాయుడు గారి తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ దీనిని ప్రశ్నించినందుకు ఆయన్ని ఊరు దాటించారు. మన స్కూలు పుస్తకాల్లో ఈ సంగతి ఒక్క వాక్యంలో పోతుంది గానీ, హైదరాబాదులో జనం సర్కారు లెక్కల గురించి బహిరంగంగా అడగడం మొదలైన సందర్భాల్లో ఇది ముఖ్యమైనది. మీ ప్రాజెక్టులో తప్పకుండా రాయండి.

లైను 1886లో వరంగల్ చేరింది, 1889లో బెజవాడ చేరింది. మీ ఊరు ఆ మూడేళ్ల మధ్యలో పుట్టింది.

అటువైపే ఎందుకు వేశారంటే, బొగ్గు. జియలాజికల్ సర్వేలో పనిచేసిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టాడు. ఆయన పేరు మీదే అక్కడి పొరను కింగ్ సీమ్ అంటారు. బొగ్గు దొరికి పదిహేనేళ్లయినా తవ్వలేదు. తవ్వి ఏం చేస్తారు? ఎడ్లబండ్ల మీద బొగ్గు మోస్తే ఆ ఖర్చుకి గిట్టదు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది. లైను బెజవాడ చేరిన సంవత్సరమూ అదే. రైలింజనుకి బొగ్గు కావాలి, బొగ్గు కదలాలంటే రైలు కావాలి. రెండూ ఒకదాని కోసం ఒకటి కాచుకుని ఉన్నాయి. ఆ కంపెనీ పనే తర్వాత 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీగా రిజిస్టరయింది. సింగరేణి అన్నది కారేపల్లి దగ్గరి ఊరి పేరు. ఇల్లందు స్టేషన్‌ని రైల్వే వాళ్లు సింగరేణి కాలరీస్ అనే రాస్తారు. బయటివాళ్లు ఇక్కడే తికమక పడతారు.

మెయిన్ లైను వరంగల్ నుంచి మానుకోట (మహబూబాబాద్), ఖమ్మం మీదుగా ఆగ్నేయంగా దిగుతుంది. ఇల్లందు దానికి తూర్పున ఉంది. బొగ్గు కోసం మెయిన్ లైనునే వంచితే బెజవాడ దూరమవుతుంది. అందుకని మెయిన్ లైను సూటిగా వేసి, ఇల్లందుకి ఒక కొమ్మ తీశారు. ఆ కొమ్మ మొదలైన చోటే డోర్నకల్.

ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. డోర్నకల్ జంక్షన్ కాజీపేట జంక్షన్ కంటే దాదాపు నలభై ఏళ్లు పెద్దది. ఇప్పుడు కాజీపేట పేరు చెబితే పెద్ద జంక్షన్ గుర్తొస్తుంది. కానీ కాజీపేట నుంచి బల్లార్షా లైను పూర్తయి ఢిల్లీ, మద్రాసు కలిసింది 1929లో. అంతదాకా వరంగల్, బెజవాడ దారిలో జంక్షన్ అంటే డోర్నకలే. ఈ మాట చెబితే కాజీపేటలో నా పాత సహోద్యోగులు కూడా ఒక్క క్షణం ఆగి ఆలోచించారు.

జంక్షన్‌లో ఆగడం అంటే మామూలు ఆగడం కాదు. కొమ్మ లైను నుంచి బొగ్గు వ్యాగన్లు వస్తాయి. వాటిని యార్డులో విడదీసి, బెజవాడ వైపు పోయేవి ఒకటి, సికింద్రాబాద్ వైపు పోయేవి ఒకటి చేసి, మళ్లీ కూర్చాలి. షంటింగ్‌కి మనుషులు కావాలి. పాయింట్లు మార్చేవాళ్లు, కప్లింగ్ తగిలించేవాళ్లు, కేబిన్‌లో లీవర్లు లాగేవాళ్లు, దీపాలు వెలిగించేవాళ్లు, వ్యాగన్ ఇరుసులకు గ్రీజు పెట్టేవాళ్లు. ఒక్క షిఫ్టుకి కాదు, మూడు షిఫ్టులకి. దానికి తోడు స్టీమ్ ఇంజనుకి నీళ్లు పట్టాలి. బొగ్గు లేకపోతే ఇంజను నెమ్మదిస్తుంది, నీళ్లు లేకపోతే బాయిలరే పేలుతుంది. అందుకని ఆ రోజుల్లో స్టేషన్ ఎక్కడ పెట్టాలన్నా మొదట నీళ్లే చూసేవాళ్లు. మున్నేరు, ఆకేరు రెండూ మీ చుట్టుపక్కల నుంచే ఖమ్మం వైపు దిగుతాయి. ఆ నేల నీళ్లకి కరువైన నేల కాదు.

కాలనీ స్టేషన్‌కి అంత దగ్గరగా, ఇళ్లన్నీ ఒకదానికొకటి ఆనించినట్టు ఎందుకు ఉంటుందని చాలామంది అడుగుతారు. దానికి కారణం కాల్‌బాయ్. ఇప్పటి పిల్లలకి ఆ పేరే తెలియదు. స్టీమ్ రోజుల్లో ఇంజను డ్రైవరుకి, ఫైర్‌మన్‌కి డ్యూటీ టైము ముందే ఖాయంగా ఉండదు. బండి ఎప్పుడొస్తే అప్పుడే. అందుకని కాల్‌బాయ్ అనే కుర్రాడు ఒక చేత్తో హరికేన్ లాంతరు, చంకలో కాల్ బుక్కు పెట్టుకుని, అర్ధరాత్రి వాళ్ల ఇంటికి పోయి తలుపు కొట్టి లేపుతాడు. లేచినట్టు ఆ పుస్తకంలో సంతకం పెట్టించుకుంటాడు. సంతకం రాని మనిషి చేత వేలిముద్ర. నేను కొత్తగా చేరినప్పుడు ఒక స్టేషన్‌లో ఆ బుక్కు చూశాను. నూనె మరకలు, పేజీ అంచుల మీద లాంతరు మసి, నిద్రమత్తులో వంకరపోయిన సంతకాలు. రెండు గంటల పది నిమిషాలకి ఒకరిది, మూడున్నరకి ఒకరిది. ఫోన్లు లేవు, వీధి దీపాలు లేవు. ఆ కుర్రాడు కాలినడకన పదిహేను నిమిషాల్లో చేరగలిగిన దూరంలోనే సిబ్బంది ఉండాలి. రైల్వే కాలనీ కొలత అదే. మీ ఊళ్లో పాత క్వార్టర్లు స్టేషన్ నుంచి ఎంత దూరంలో ఉన్నాయో నడిచి చూడండి, అర్థమవుతుంది.

ఊరు పెరిగిన వరస దాదాపు ప్రతి జంక్షన్‌లో ఒకలాగే ఉంటుంది. మొదట వచ్చేది కట్టుబడి పనివాళ్లు. మట్టి తవ్వి గట్టు పోసేవాళ్లు, రాయి కొట్టేవాళ్లు. మన దగ్గర ఆ పని ఎక్కువగా వడ్డెరలది. పని అయిపోగానే చాలామంది లైను వెంబడే ముందుకు పోతారు, కొందరు ఉండిపోతారు. ఉండిపోయినవాళ్లే ఊరికి మొదటి ఇంటివాళ్లు. వాళ్ల పేర్లు ఏ రికార్డులోనూ ఉండవు. తర్వాత సిబ్బంది వస్తారు. స్టేషన్ మాస్టర్లు, డ్రైవర్లు చాలావరకు బయటివాళ్లు. మద్రాసు వైపు తమిళులు, ఆంగ్లో ఇండియన్లు, హైదరాబాదు నుంచి ఉర్దూ మాట్లాడేవాళ్లు. ఖలాసీలు, గ్యాంగ్‌మన్లు, పాయింట్స్‌మన్లు చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు. అందుకే రైల్వే ఊళ్లో తెలుగు ఒక రకంగా ఉంటుంది. "లైన్ కిలియర్", "డూటీ దిగినా", "సుట్టీ పెట్టిన" అని పక్క ఊళ్లో వాళ్లు అనరు, రైల్వే ఊళ్లో చదువుకోని ముసలమ్మ కూడా అంటుంది.

మూడోది వ్యాపారం. కొమ్మ లైను బండి కోసం కాచుకునే ప్రయాణికులే జంక్షన్‌కి అసలు రాబడి. సికింద్రాబాద్ బండి దిగి ఇల్లందు బండి ఎక్కాలంటే గంటల తరబడి కూర్చోవాలి. అన్నం హోటలు, చాయ్ హోటలు, రాత్రికి పడుకోవడానికి జాగా కావాలి. 1927లో, ఇల్లందు కొమ్మ మీదున్న కారేపల్లి నుంచి కొత్తగూడెం దాకా లైను పడ్డాక ఆ రద్దీ ఇంకా పెరిగింది. భద్రాచలం పోయే భక్తులు కూడా డోర్నకల్ మీదుగా రావడం మొదలైంది. ఆ లైను చివరి స్టేషన్‌కి భద్రాచలం రోడ్ అని పేరు, కానీ అది ఉన్నది కొత్తగూడెంలో. రాములవారి గుడికి ఇంకా నలభై కిలోమీటర్లు పోయి గోదావరి దాటాలి. శ్రీరామనవమి ముందు రోజుల్లో ప్లాట్‌ఫారం మీద మూటలు, ముంతలు, పిల్లలు, చద్దన్నం గిన్నెలతో కాలు పెట్టే చోటు ఉండేది కాదు. నా డ్యూటీ రోజుల్లోనే అంత ఉండేది. బస్సులు లేని రోజుల్లో ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

ఇక రెండో ప్రశ్నలో చర్చి సంగతి. దీని మీద కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే డోర్నకల్‌ని మిగతా జంక్షన్ల నుంచి వేరు చేసింది ఇదే.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు తిరునల్వేలి వైపు తమిళుడు. అక్కడివాళ్లే 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీ అని పెట్టుకున్నారు. తెల్లవాళ్ల డబ్బుతో కాకుండా మనవాళ్ల చందాలతో, మనవాళ్ల మనుషులతో పనిచేయాలని. ఆ సొసైటీ ఎంచుకున్న చోటు డోర్నకల్ ప్రాంతం. అజరయ్య గారు 1909లో గురువుగా అభిషేకం పొంది ఇక్కడికి వచ్చారు, తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. మన దేశంలో అప్పటిదాకా ఆ పదవి తెల్లవాళ్లదే. ఆయన పీఠం మద్రాసులోనో హైదరాబాదులోనో కాదు, బొగ్గు వ్యాగన్లు షంటింగ్ చేసే ఒక చిన్న జంక్షన్‌లో పెట్టారు.

ఎందుకని? నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోకపోవచ్చు. జంక్షన్ లేకపోతే బిషప్ పీఠం అక్కడ ఉండేది కాదు. ఆయన పని పల్లెల్లో, ఎక్కువగా మాల, మాదిగ పేటల్లో. ఎడ్లబండి మీద ఊరూరు తిరిగేవారు. అలాంటి మనిషికి మూడు వైపులా రైలున్న చోటు కావాలి. బెజవాడ వైపు, వరంగల్ వైపు, ఇల్లందు వైపు. పైగా పెద్ద పట్నాల్లోలాగా పాత పెత్తనాలు లేని చోటు. జంక్షన్ ఊళ్లో అందరూ కొత్తవాళ్లే, ఎవరి తాతలూ అక్కడ పుట్టలేదు. పల్లెలో బావి దగ్గర నిలబడనివ్వని మనిషి కూడా అక్కడ రైల్వే జీతం తీసుకుంటాడు, నెంబరున్న క్వార్టర్‌లో ఉంటాడు. అక్కడ కులం పోయిందని నేను అనను, క్వార్టర్ల వరసల్లో కూడా అది కనపడేది. కానీ పల్లెలో ఉన్నంత బిగువుగా లేదు. బడి పెట్టడానికి, చర్చి కట్టడానికి అది మంచి నేల.

ఎపిఫనీ కేథడ్రల్ కట్టడానికి పాతికేళ్ల దాకా పట్టింది. 1939 జనవరి 6న, ఎపిఫనీ పండగ రోజునే ప్రతిష్ఠ చేశారు. మీరు రోజూ చూస్తూ ఉంటారు కాబట్టి పట్టించుకోకపోవచ్చు. ఒకసారి బయటివాళ్ల కళ్లతో చూడండి. లండన్ చర్చిలాగా లేదు. స్తంభాల్లో మన గుళ్ల పోకడ ఉంది, గుమ్మటాల్లో మసీదుల పోకడ ఉంది. మన మట్టిలో కట్టింది మనదిలాగే ఉండాలని అజరయ్య గారి పట్టుదల. ఆయన 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

ఊరి పెరుగుదలకి ఇది ఎందుకు ముఖ్యమంటే, రైల్వే ఉద్యోగి బదిలీ మనిషి. ఈ ఏడు ఇక్కడ, వచ్చే ఏడు ఇంకెక్కడో. బడి, హాస్టలు, పాస్టర్లకి చదువు చెప్పే డివినిటీ స్కూలు వచ్చాక పిల్లల చదువు కోసం ఉండేవాళ్లు, టీచర్లు, నర్సులు, వాళ్లకి పాలు, కూరగాయలు అమ్మేవాళ్లు వచ్చారు. వీళ్లకి బదిలీలు లేవు. చుట్టుపక్కల తండాల నుంచి, ఊళ్ల నుంచి మిర్చి, పత్తి అమ్ముకోవడానికి వచ్చే రైతు కూడా టైంటేబుల్ చూసుకుని రాడు. రైల్వేతో సంబంధం లేకుండా ఊళ్లో ఉండటానికి కారణం ఉన్న మనుషులు ఎంతమంది ఉంటే ఆ రైల్వే ఊరు అంత గట్టిది.

దీన్ని పరీక్షించడానికి రెండు ఊళ్లు పక్కన పెట్టి చూడండి. నెల్లూరు జిల్లాలో బిట్రగుంట. 1899లో మద్రాసు, బెజవాడ లైను కలిశాక, నెల్లూరు, కావలి మధ్యలో ఇంజన్ల షెడ్డుతో పెరిగిన ఊరది. పెద్ద కాలనీ, చెట్ల నీడలో విశాలమైన రోడ్లు, ఇన్‌స్టిట్యూట్, ఆటస్థలాలు. మధ్యలో ఇంజన్ మార్చాలి, సిబ్బంది మారాలి కాబట్టి ప్రతి బండీ అక్కడ ఆగింది. స్టీమ్ పోయి, కరెంటు ఇంజన్ వచ్చి, ఒకే ఇంజన్ వందల కిలోమీటర్లు ఆగకుండా లాగడం మొదలయ్యాక ఆ షెడ్డుకి పని లేకుండా పోయింది. నేను ఒకసారి పెళ్లికి వెళ్లి ఆ కాలనీలో సాయంత్రం నడిచాను. తాళాలు వేసిన క్వార్టర్లు, గోడల్లోంచి మొలిచిన రావి మొక్కలు. ఒక రిటైర్డ్ ఫిట్టరు గారు వరండాలో కూర్చుని, షెడ్డు సైరన్ మోగే టైముకి ఇప్పటికీ మెలకువ వస్తుందని చెప్పారు.

రెండోది మీ ఇల్లందు. బొగ్గు అక్కడే దొరికింది, కంపెనీ అక్కడే మొదలైంది. కానీ గనుల పని కొత్తగూడెం వైపు పెరిగాక సింగరేణి హెడ్డాఫీసు కూడా కొత్తగూడెంలోనే స్థిరపడింది. లైను చివరి స్టేషన్‌కి ఒక ఇబ్బంది ఉంటుంది. అక్కడికి పనున్నవాడే వస్తాడు, దారిలో దిగేవాడు ఉండడు. గనికి ఆయుష్షు ఉన్నంతవరకే ఆ స్టేషన్‌కి ఆయుష్షు. డోర్నకల్ మాత్రం ఇల్లందు బొగ్గు తగ్గినా కొత్తగూడెం బొగ్గు మీద, అది కాకపోతే మెయిన్ లైను మీద, అదీ కాకపోతే చర్చి, బడుల మీద నడిచింది.

డోర్నకల్ కూడా తగ్గలేదా అంటే, తగ్గింది. ఇంజన్లకి నీళ్లు పట్టే పని పోయింది, షంటింగ్ పని తగ్గింది. బొగ్గు బండ్లు ఇప్పుడు వ్యాగన్ వ్యాగన్‌గా కాకుండా మొత్తం రేక్‌గా, అంటే విడదీయని ఒకే బండిగా పోతాయి. ఖమ్మం దగ్గర్లోనే ఉంది, పెద్ద కొనుగోళ్లన్నీ అక్కడికి పోయాయి. మీ ఊరు మహానగరం కాకపోవడానికి కారణం అదే. ఇందులో మీ ఊరి లోపమేమీ లేదు.

ప్రాజెక్టుకి ఎక్కడ వెతకాలి? రైల్వే రికార్డుల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. నేను పనిచేసిన ఒక స్టేషన్‌లో పాత రిజిస్టర్లన్నీ, నలభై యాభై ఏళ్లవి, గది ఖాళీ చేయాలని పాత కాగితాల వాడికి తూకానికి అమ్మేశారు. నేను సెలవులో ఉన్నాను. తిరిగొచ్చేసరికి అటక మీద దుమ్ము గీతలే మిగిలాయి. ఇప్పటికీ ఆ బాధ పోలేదు. చర్చి రిజిస్టర్లు చూడండి. బాప్తిస్మం, పెళ్లి, సమాధి రిజిస్టర్లలో తండ్రి పేరు, వృత్తి, ఊరు రాసి ఉంటాయి. ఖలాసీ, గ్యాంగ్‌మన్ అని కనపడితే రాసుకోండి. పదేళ్ల రిజిస్టరు చదివితే ఊళ్లోకి ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో మీకే బొమ్మ కడుతుంది. హైదరాబాదు తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలం కాగితాలు ఉన్నాయి, చాలావరకు ఉర్దూ, ఫారసీ.

ఇంట్లో పాత భూమి కాగితాలుంటే రెండు సంగతులు గుర్తుంచుకోండి. వాటి మీద సంవత్సరం ఫసలీలో, అంటే నిజాం సర్కారు లెక్కలో ఉంటుంది. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ ఏడాది జనవరిలో మొదలవదు కాబట్టి ఒక ఏడాది అటూఇటూ పోవచ్చు. ఆజర్, దై, బహమన్ లాంటి నెలల పేర్లు కనపడితే కంగారు పడకండి, అవి నిజాం సర్కారు నెలలు. రెండోది డబ్బు. నిజాం రూపాయి హాలీ సిక్కా వేరు, ఇంగ్లీషు రూపాయి కల్దార్ వేరు. ఏడు హాలీ రూపాయలు దాదాపు ఆరు కల్దార్లకి సమానం. రెండింటినీ ఒకటే అనుకుంటే ధరల లెక్క తప్పుతుంది.

ముసలివాళ్లని అడిగేటప్పుడు "ఊరి చరిత్ర చెప్పండి" అని అడగకండి, ఎవరూ చెప్పలేరు. "మీ నాయన డ్యూటీకి పోయేటప్పుడు గిన్నెలో ఏం కట్టించుకునేవాడు? క్వార్టర్ నెంబరెంత? నీళ్లు ఎక్కడ పట్టుకునేవాళ్లు?" అని అడగండి. వాళ్లే గంటసేపు మాట్లాడతారు.

ఇక మూడో ప్రశ్న, ఆ బిళ్ల. మీరు చెప్పినదాన్ని బట్టి అది హాజరు బిళ్ల. షెడ్లలో, వర్క్‌షాపుల్లో ప్రతి ఖలాసీకి ఒక నెంబరు ఉండేది. టైము ఆఫీసు దగ్గర చెక్క బోర్డుకి వరసగా మేకులు, ఒక్కో మేకుకి ఒక బిళ్ల. పొద్దున వచ్చి తన బిళ్ల తీసుకోవాలి, డ్యూటీ దిగేటప్పుడు మళ్లీ తగిలించాలి. మీరు చెప్పిన రంధ్రం ఆ మేకు కోసమే. సైరన్ ఆగాక బోర్డు మూసేస్తారు. బిళ్ల బోర్డు మీదే మిగిలిపోయిందంటే ఆ పూట జీతం పోయినట్టే. చదువు రాని మనిషికి కూడా తన నెంబరు ఆకారం గుర్తుండేది.

అక్షరాలు కాలం చెబుతాయి. కంపెనీ చేతిలో ఉన్నన్నాళ్లూ ఎన్.జి.ఎస్.ఆర్., మధ్యలో జి అంటే గ్యారంటీడ్. 1930లో నిజాం సర్కారు లైనుని తన చేతిలోకి తీసుకున్నాక ఆ జి పోయి ఎన్.ఎస్.ఆర్., అంటే నిజాం స్టేట్ రైల్వే అయింది. 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది, 1966 అక్టోబరు 2న సౌత్ సెంట్రల్ రైల్వే అయింది. మీ బిళ్ల మీద జి లేదంటే అది 1930 తర్వాత, 1951 లోపు చేసింది. మీ ముత్తాత ఆ కాలంలోనే పనిచేశారని మాత్రం దాన్ని బట్టి ఖాయంగా రాయకండి. పేరు మారినా పాత బిళ్లలు కొన్నేళ్లు వాడుకలో ఉండేవి. ఇంట్లో పాత పాస్ గానీ, పీఎఫ్ చీటీ గానీ ఉంటే దానిమీద టికెట్ నెంబరు, అంటే ఉద్యోగి నెంబరు చూడండి. బిళ్ల మీది నెంబరుతో కలిస్తే అది ఆయనదే.

అంతదాకా దాన్ని చింతపండు పెట్టి తోమకండి. చాలా ఇళ్లలో దీపావళికి ఇత్తడి సామానుతో పాటు ఇలాంటివి కూడా తోమేసి అక్షరాలు పోగొట్టుకున్నారు. మెత్తని పొడిగుడ్డతో తుడిచి, ఒక స్కేలు పక్కన పెట్టి, కిటికీ వెలుతురులో రెండువైపులా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. నెంబరు కింద చిన్న అక్షరం ఒకటి కొట్టి ఉందేమో చూసి చెబుతాను. కొన్ని షెడ్లు తమ గుర్తుగా అలా కొట్టేవి.